వాత వేరు, సూది వేరు

"అయ్యా, మీ బావగారి గడ్డని కాల్చి బతికించారంట గదా! మేమూ కాల్పించాం. మరి మా ఆయనకెందుకు తగ్గలేదు?"

ఈ ప్రశ్న నన్నడిగింది ఒక ఇటుకబట్టీ మేస్త్రి భార్య. 2022లో, మా ఆస్పత్రి వరండాలో, పేషెంట్ల రద్దీ తగ్గి ఒంటిగంట దాటిన వేళ. ఆవిడ భర్త లోపల బల్లమీద పడుకుని ఉన్నాడు. యాభయ్యేళ్ళుంటాయి. కళ్ళు పసుపు పూసినట్టున్నాయి. పొట్ట ఉబ్బింది. కుడిపక్క డొక్కలో చెయ్యి పెట్టగానే రాయిలాంటి గడ్డ తగిలింది. సరిగ్గా దానిమీదే చర్మంపైన మూడు వాతలు. ఇంకా పచ్చి ఆరలేదు. కామెర్లకని పక్క ఊళ్ళో ఎవరో ఇనప కడ్డీ ఎర్రగా కాల్చి పెట్టారట. అంతకుముందు పసరు తాగించారు. ఆ రెండు వైద్యాలతో మూడు నెలలు గడిచిపోయాయి.

మా బావగారి సంగతి ఆవిడకి మా స్టాఫ్ నర్సు చెప్పి ఉంటుంది. చిన్న ఊళ్ళో రహస్యాలుండవు. ఆవేళ ఆవిడకి ఏదో సర్దిచెప్పి, చీటీ రాసి, పెద్దాస్పత్రికి పంపించాను. అసలు జవాబు చెప్పలేదు. చెప్పడానికి తీరిక లేదన్నది ఒక కారణం. ఆ జవాబులో నా తప్పు కూడా కొంత ఉందన్నది రెండో కారణం. ఇవాళ ఈ పేజీలో ఆ జవాబు రాస్తున్నాను.

మా బావగారంటే మా పెద్దక్క భర్త. తెనాలిలో ఒక బట్టల కొట్టులో గుమాస్తాగా చేరి, అక్కడే పద్దులు రాస్తూ ముప్ఫయ్యేళ్ళు గడిపిన మనిషి. సిగరెట్టు లేదు, మందు లేదు. కిళ్ళీ కూడా పెళ్ళి భోజనాల తర్వాతే. 2009లో స్నేహితుడి భార్యకి ఆపరేషనైతే రక్తం ఇవ్వడానికి వెళ్ళారు. తర్వాత బ్లడ్ బ్యాంకు వాళ్ళు పిలిచి, "మీ రక్తంలో హెపటైటిస్-బి వైరస్ ఉందండీ, మేం వాడలేం. డాక్టరుకి చూపించుకోండి" అన్నారు. ఇంట్లోనే డాక్టరుండగా వేరే డాక్టరెందుకు? నాకు ఫోన్ చేశారు.

నేనప్పుడు ఒక ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో పని చేస్తున్నాను. లివరు పరీక్షలు చేయించమన్నాను. చేయించారు. ఎస్.జి.పి.టి., బిలిరుబిన్ అన్నీ మామూలుగానే ఉన్నాయి. "ఏం ఫరవాలేదు బావగారూ, ఇలాంటివాళ్ళు మన దేశంలో కోట్లమంది ఉన్నారు. మీకు తాగే అలవాటు ఎలాగూ లేదు" అని ధైర్యం చెప్పాను.

ఆ మాటల్లో అబద్ధం లేదు. చెప్పి తీరవలసిన మాట మాత్రం అందులో లేదు. హెపటైటిస్-బి వైరస్ ఒంట్లో ఉండిపోయినవాళ్ళకి లివరు కేన్సర్ వచ్చే అవకాశం మిగతావాళ్ళకంటే చాలా ఎక్కువ. అందుకని మన ఆసియా దేశాలవాళ్ళలో ఈ వైరస్ ఉన్న మగవాళ్ళకి 40 ఏళ్ళు దాటితే, ఆడవాళ్ళకి 50 దాటితే, ఆరు నెలలకోసారి అల్ట్రాసౌండ్ స్కానింగ్ చేయించాలి. లివరు గట్టిపడిపోయిన సిరోసిస్ రోగులకైతే వయసుతో పని లేదు. ఇది 2009 నాటికే పుస్తకాల్లో ఉన్న విషయం. బావగారికి అప్పుడు 50. నేను చెప్పలేదు.

ఎనిమిదేళ్ళు గడిచాయి. 2017 వేసవిలో బావగారికి నడుం పక్కన భరించరాని నొప్పి. కిడ్నీలో రాయి. స్కానింగ్ తీసిన డాక్టరమ్మాయి మంచి పనిమంతురాలు. రాయి కనపడింది గదా అని లేచిపోకుండా లివరు మీదికి కూడా ప్రోబు జరిపింది. కుడిభాగంలో లోపలికి 2.2 సెంటీమీటర్ల కంతి. ఉసిరికాయంత ఉంటుంది. చుట్టూ లివరు గరుకుగా, ముడతలు పడి ఉంది. ఒక్క లక్షణం కూడా చూపించకుండా వైరస్ ఇన్నేళ్ళూ తన పని తాను చేసుకుపోయిందన్నమాట.

తర్వాత సి.టి. స్కాన్. నరంలోకి మందు ఎక్కించి, మందు లివరులోకి వచ్చేటప్పుడోసారి, నిలిచినప్పుడోసారి, పోయేటప్పుడోసారి ఫొటోలు తీస్తారు. లివరు కేన్సర్ కంతి ఆ మందుని చుట్టూ ఉన్న లివరు కంటే ముందు గబగబా తాగేసి, ముందే వదిలేస్తుంది. ఇలాంటి రోగుల్లో ఆ తీరు స్పష్టంగా కనిపిస్తే ముక్క తీసి పరీక్షించకుండానే జబ్బు నిర్ధారించవచ్చు. బావగారిది అలాగే తేలింది.

రిపోర్టు పట్టుకుని వెళ్ళినప్పుడు అక్క వంటింటి గుమ్మంలో నిలబడి ఉంది. "ఒరేయ్, ఎనిమిదేళ్ళ నుంచీ నీకు తెలుసు గదరా. స్కానింగ్ తీయించుకోమని ఒక్క మాట ఎందుకు చెప్పలేదు?" అంది. మర్చిపోయానందామంటే మర్చిపోలేదు. మనిషి రాయిలా తిరుగుతున్నారు, ఆయనకేమవుతుందిలే అనుకున్నాను. ఇంట్లోవాళ్ళ దగ్గరికొచ్చేసరికి డాక్టర్లం కూడా మామూలు మనుషుల్లాగే ఆలోచిస్తాం. బావగారిని కాపాడింది నేను కాదు, ఆయన కిడ్నీలో రాయి.

హైదరాబాదులో పెద్ద డాక్టర్లు ముగ్గురు కూర్చుని చర్చించారు. కంతి ఉన్నంతమేర లివరుని కోసి తీసేయడం ఒక దారి. కానీ ప్లేట్‌లెట్లు 80 వేలకి పడిపోయాయి, లివరులోకి వెళ్ళే రక్తనాళంలో ఒత్తిడి పెరిగింది. కోస్తే మిగిలిన ముక్క ఆ భారం మొయ్యలేకపోవచ్చు. లివరు మార్పిడి రెండో దారి. దాత కావాలి, డబ్బు కావాలి, ముందు ముందు జీవితాంతం మందులు కావాలి. మూడోది, చర్మం మీంచి సూది గుచ్చి కంతిని ఉన్నచోటే వేడితో చంపెయ్యడం. "రెండు సెంటీమీటర్ల సైజులో ఇది ఆపరేషన్‌కి పెద్దగా తీసిపోదు. మీకిదే మంచిది" అన్నారు.

అక్కకి విషయం చెప్పాను. "కాలుస్తారా! వాతలు పెట్టించుకోడానికి హైదరాబాదు దాకా వెళ్ళాలా? మన వీధి చివర పెట్టేవాడు గదా!" అంది. ఆ కంగారులోనూ నవ్వొచ్చింది. నా ఎడమ ముంజేతి మీద అర్ధణా బిళ్ళంత మచ్చ ఒకటుంది. నా అయిదో ఏట కామెర్లొస్తే మా నాయనమ్మ పెట్టించిన వాత అది. కామెర్లు పదిహేను రోజుల్లో తగ్గిపోయాయి. నాయనమ్మ వాత గొప్పదనం ఊరంతా చెప్పుకుంది. పిల్లలకి మంచినీళ్ళ ద్వారా వచ్చే కామెర్లు చాలామందిలో వాటంతటవే తగ్గుతాయి. వాత పెట్టినా తగ్గుతాయి, పెట్టకపోయినా తగ్గుతాయి. తగ్గినవాళ్ళు పదిమందికి చెప్తారు. తగ్గక పోయినవాళ్ళు చెప్పడానికి ఉండరు. వాతకి పేరు అలా వచ్చింది. చర్మం మీద పెట్టిన వాత వేడి చర్మం దాటి లోపలికి పోదు. దానివల్ల పుండు పడుతుంది, చీము పడుతుంది, వైద్యానికి రావలసిన మనిషి ఆలస్యమవుతాడు.

అయితే నిప్పు వైద్యం మనకి కొత్త కాదు. సుశ్రుతుడు తన సంహితలో అగ్నికర్మకి ఒక అధ్యాయమే కేటాయించాడు. చిక్కల్లా ఒకటే: కావలసినచోట, కావలసినంత, పక్కవాటికి తగలకుండా వేడి పుట్టించడం ఎలా? ఒంటి లోపల నాలుగైదు అంగుళాల లోతున ఆ పని చెయ్యడానికి కరెంటు రావలసి వచ్చింది.

మన ఇళ్ళలో కరెంటు సెకనుకు 50 సార్లు అటూ ఇటూ ఊగుతుంది. ముట్టుకుంటే కండరాలు కొట్టుకుంటాయి, గుండె ఆగిపోవచ్చు. ఆ ఊగడం సెకనుకు 10 వేలసార్లు దాటితే కండరాలు దాన్ని పట్టించుకోవనీ, వేడి మాత్రం పుడుతుందనీ ఫ్రాన్సు శాస్త్రవేత్త దార్సొన్వాల్ 1891లో చూపించాడు. 1926లో అమెరికాలో బోస్టన్ నగరంలో బోవీ అనే ఆయన తయారుచేసిన కరెంటు కత్తితో, మెదడు ఆపరేషన్లకు పేరుపడ్డ సర్జన్ కుషింగ్ రక్తం కారకుండా కంతి తీశాడు. ఇవాళ ప్రతి ఆపరేషన్ థియేటర్లో ఆ కత్తి వారసులున్నాయి. దాన్ని సూదిగా మార్చి లివరులోకి గుచ్చవచ్చని 1990లో అమెరికాలో ఒక బృందం, ఇటలీలో ఒక బృందం విడివిడిగా రాశాయి. మరికొన్నేళ్ళకి మనుషుల్లో వాడటం మొదలైంది. అంతకుముందు 1980లలో జపానువాళ్ళు అదే పద్ధతిలో కంతిలోకి ఆల్కహాల్ ఎక్కించేవారు. ఆల్కహాల్ ఎటు పాకుతుందో మన చేతిలో ఉండదు. వేడి చాలావరకు మన చేతిలో ఉంటుంది.

దీని పేరు రేడియో ఫ్రీక్వెన్సీ అబ్లేషన్. రోగి రెండు తొడలకీ పెద్ద పట్టీలు అంటిస్తారు. ఒకటిన్నర మిల్లీమీటర్ల మందం ఉన్న పొడుగాటి సూదిని స్కానింగ్ బొమ్మ చూస్తూ పక్కటెముకల మధ్య నుంచి కంతి నడిబొడ్డుకి పంపిస్తారు. సూది కొనకీ, పట్టీలకీ మధ్య సెకనుకు నాలుగైదు లక్షలసార్లు ఊగే కరెంటు నడుస్తుంది. సూది కొస చుట్టూ ఒంట్లో ఉన్న ఉప్పు కణాలు ఆ ఊపుకి అటూ ఇటూ కొట్టుకుంటాయి. చలికాలంలో అరచేతులు రుద్దుకుంటే వేడి పుట్టినట్టు ఆ రాపిడికి వేడి పుడుతుంది. చాలామంది సూదే కాలుతుందనుకుంటారు. కాదు. కాలేది కంతి. సూది లోపల నిజానికి చల్లటి నీళ్ళు తిరుగుతుంటాయి!

ఆ చల్లటి నీళ్ళెందుకో ఆడవాళ్ళకి చెప్పనక్కర్లేదు. దిబ్బరొట్టె వేసేటప్పుడు మంట ఎక్కువ పెడితే ఏమవుతుంది? అడుగు బొగ్గవుతుంది, లోపల పచ్చిగా ఉంటుంది. ఇదీ అంతే. సూది పక్కన వేడి 100 డిగ్రీలు దాటితే అక్కడి తడి ఆవిరై, కండ మాడి, కరెంటుని ముందుకి పోనివ్వదు. అంచేత సన్నసెగ మీద, లోపల్నుంచి అంచుదాకా ఉడకాలి. 60 డిగ్రీలు చాలు. కోడిగుడ్డులో తెల్లసొన ఆ వేడి దగ్గర గట్టిపడుతుంది. గట్టిపడ్డ సొన మళ్ళీ నీరవడం ఎవరైనా చూశారా? కేన్సర్ కణంలో మాంసకృత్తులకి కూడా అదే గతి.

బావగారి చికిత్స నేను అద్దం ఇవతల నిలబడి చూశాను. మత్తు ఇచ్చారు గానీ పూర్తిగా కాదు. ఊపిరి పట్టమంటే పడుతున్నారు, వదలమంటే వదులుతున్నారు. సూది కంతిలోకి వెళ్ళినట్టు తెర మీద తెల్లటి గీత కనపడింది. కరెంటు మొదలుపెట్టారు. నిమిషంలో సూది చుట్టూ తెల్లటి బుడగలు లేచి మబ్బులా కమ్ముకున్నాయి. ఆ మబ్బు కంతిని మింగి, అంచు దాటి, ఇంకొంచెం బయటికి వచ్చింది. 12 నిమిషాలు. నా ఉద్యోగంలో ఎన్నో కాన్పులు చేశాను, ఎందరో పాముకాటు రోగుల పక్కన రాత్రంతా కూర్చున్నాను. ఈ 12 నిమిషాలంత పొడుగ్గా ఏవీ లేవు. సూది బయటికి లాగేటప్పుడు కూడా దారి పొడుగునా వేడి తగిలేట్టు చూశారు. రక్తం కారకూడదు, కేన్సర్ కణం ఒక్కటి కూడా సూదితో బయటికి రాకూడదు. చివరికి డొక్క మీద చిన్న ప్లాస్టరు ముక్క వేశారు. అంతే. మర్నాడు సాయంత్రం ఇడ్లీ తిని, "ఇంతేనా! పన్ను పీకించుకున్నప్పుడే ఇంతకంటే కష్టపడ్డాను" అన్నారు బావగారు. తర్వాత నాలుగు రోజులు సన్నగా జ్వరం, వంట్లో నలత. చచ్చిన కణాలని ఒళ్ళు శుభ్రం చేసుకునేటప్పుడు ఇది మామూలే. వారం దాటినా జ్వరం తగ్గకపోతే, చలితో వస్తే, అక్కడ చీము పట్టిందేమో చూడాలి. నూటికి కొద్దిమందిలో రక్తస్రావం, చీము, పక్కనున్న పేగుకి వేడి తగలడం లాంటి ప్రమాదాలు జరుగుతాయి. ప్లాస్టరు ముక్క చూసి దీన్ని చిన్న వైద్యమనుకోకూడదు.

నెల రోజులకి మళ్ళీ సి.టి. తీయించారు. ఆ సాయంత్రం అక్క ఏడుస్తూ ఫోన్ చేసింది. "రెండు సెంటీమీటర్లు ఉన్న గడ్డ నాలుగయిందటరా! కాల్చి ఇంకా పెంచారు!" రిపోర్టులో 4.1 సెంటీమీటర్లని రాసి ఉంది. ఈ ఒక్క విషయం మాత్రం పాఠకులు బాగా గుర్తుంచుకోవాలి. ఎందుకంటే ఈ రిపోర్టు చూసే చాలా ఇళ్ళలో ఏడుపులు మొదలవుతాయి. ఆ నాలుగు సెంటీమీటర్లు కంతి కాదు, మచ్చ. పొలంలో కలుపుమొక్క పీకేటప్పుడు వేరు తెగకుండా చుట్టూ మట్టితో సహా పెళ్ళగిస్తాం గదా, అలాగే కంతి చుట్టూ అర నుంచి ఒక సెంటీమీటరు మంచి లివరుని కూడా కలిపి కాలుస్తారు. అంచేత కాలిన మచ్చ కంతికంటే పెద్దగా ఉండి తీరాలి. లేకపోతేనే భయపడాలి. రిపోర్టులో చూడవలసింది సైజు కాదు, ఆ మచ్చలో ఎక్కడైనా మందు ఎక్కుతోందా అన్నది. బావగారి మచ్చలోకి మందు ఎక్కలేదు. అంటే రక్తం నడవడం లేదు. చచ్చిపోయిందన్నమాట.

ఇప్పుడా మేస్త్రి భార్య ప్రశ్నకి వస్తాను.

ఆయన కంతి 9 సెంటీమీటర్లు. పెద్ద బత్తాయి కంటే కొంచెం పెద్దది. 2 సెంటీమీటర్ల కంతిని చుట్టూ అంచుతో సహా చంపాలంటే సుమారు 4 సెంటీమీటర్ల ఉండ కాల్చాలి. 9 సెంటీమీటర్లదానికి 11 సెంటీమీటర్ల ఉండ. రెండింతలు, మూడింతలే గదా అనిపిస్తుంది. లడ్డూలు చుట్టినవాళ్ళకి తెలుసు, లడ్డూ అడ్డకొలత రెట్టింపు చేస్తే బూంది ఎనిమిది రెట్లు పడుతుంది. ఈ లెక్కన ఆయన లివరులో బావగారికంటే 20 రెట్ల మేర కాల్చవలసి ఉంటుంది. అంత కాలిస్తే బతకడానికి లివరు మిగలదు. అంత కాల్చినా అంచుల్లో ఎక్కడో పచ్చి ఉండిపోతుంది. 3 సెంటీమీటర్ల లోపు కంతులు, మూడు వరకు, వేడి చికిత్సకి బాగా లొంగుతాయి. 3 దాటిన దగ్గర్నుంచీ ఫలితం తగ్గుతూ పోతుంది. 5 దాటాక ఈ సూది ఒక్కదాన్నీ నమ్ముకోవడం కష్టం.

ఇంకో చిక్కు కూడా ఉంది. కాలవ గట్టున చెత్త తగలబెడితే నీటి పక్కనున్నది సరిగా కాలదు, చూశారా? కంతి పక్కన పెద్ద రక్తనాళం ఉంటే పారే రక్తం వేడిని లాక్కుపోతుంది. ఆ పక్క కణాలు బతికిపోతాయి. మేస్త్రి కంతి నాళం పక్కన ఉండటం కాదు, లివరుకి రక్తం తెచ్చే పెద్ద నాళంలోకే పాకింది. ఆ దశలో ఏ సూదీ పనిచెయ్యదు. ఈ వేడి పారిపోయే ఇబ్బంది కొంత తగ్గించడానికే తర్వాత మైక్రోవేవ్ సూదులు వచ్చాయి. మన వంటింటి మైక్రోవేవ్ పొయ్యిలో ఉండే తరంగాలే, సెకనుకు 245 కోట్లసార్లు ఊగేవి, ఇక్కడా చాలా మిషన్లలో వాడతారు. నీటి అణువుల్ని అవి నేరుగా ఊపుతాయి. తొడలకి పట్టీలక్కర్లేదు, త్వరగా అవుతుంది, కొంచెం పెద్ద మేర కాలుతుంది. కానీ అదీ బత్తాయిని ఉసిరికాయ చెయ్యలేదు.

పెద్దాస్పత్రిలో మేస్త్రికి చెయ్యగలిగింది నొప్పి తగ్గించడం, పొట్టలో నీరు తియ్యడం. నాలుగు నెలలకి పోయాడు.

లివరు కేన్సర్ కంతి ఘనపరిమాణం సగటున నాలుగైదు నెలలకి, ఒక్కోసారి ఇంకా ఆలస్యంగా, రెట్టింపవుతుంటుంది. స్కానింగ్‌కి ఆరు నెలల గడువు పెట్టింది ఆ లెక్క చూసే. ఆ వ్యవధిలో ఉసిరికాయ మహా అయితే నిమ్మకాయవుతుంది. సూదికి అందుతుంది. నొప్పి వచ్చాక, కామెర్లు వచ్చాక, చేతికి గడ్డ తగిలాక చేయించుకున్న స్కానింగ్ ఎందుకు ఆలస్యమవుతుందో దీన్నిబట్టి మీరే చూడండి. లివరు లోపల నొప్పి తెలియదు. అది చెప్పే వరకూ ఆగితే అది చెప్పేది చివరి మాటే.

వేడి చికిత్స లివరుకే కాదు. కిడ్నీలో చిన్న కంతులకి, ఆపరేషన్ తట్టుకోలేనివాళ్ళ ఊపిరితిత్తుల్లో చిన్న కంతులకి, పెద్దపేగు కేన్సర్ నుంచి లివరులోకి చేరిన ఒకటి రెండు చిన్న ముక్కలకి కూడా చేస్తారు. నాకు వీటన్నిటికంటే ముచ్చటైనది ఇంకొకటుంది. కుర్రవాళ్ళకి తొడ ఎముకలోనో కాలి ఎముకలోనో బఠాణీ గింజంత కంతి వస్తుంది. కేన్సర్ కాదు. పగలు ఆడుకుంటాడు, రాత్రి నొప్పితో ఏడుస్తాడు, ఆస్పిరిన్ లాంటి బిళ్ళ వేస్తే తగ్గిపోతుంది. తల్లిదండ్రులు ఎదిగే వయసు నొప్పులనుకుంటారు. పూర్వం దీనికి ఎముక చెక్కి, నెలల తరబడి కట్టుతో పడుకోబెట్టేవారు. 1992లో అమెరికాలో ఈ వేడి సూదితో చెయ్యవచ్చని రాసినప్పటి నుంచీ చాలామంది పిల్లలు మర్నాడే నడిచి ఇంటికెళ్తున్నారు. రాత్రిపూట నొప్పితో లేచే పిల్లవాడుంటే ఒక్కసారి ఎముకల డాక్టరుకి చూపించండి.

అయితే ఈ మధ్య కొన్ని ప్రకటనలు చూస్తున్నాను. "కత్తి లేకుండా ఏ కేన్సర్ అయినా వేడితో మాయం" అని. నమ్మకండి. ఒళ్ళంతా పాకిన కేన్సర్‌కి, రక్తం కేన్సర్‌కి, కడుపులోని కేన్సర్‌కి ఈ సూదితో పనిలేదు. రొమ్ము కేన్సర్‌లో ఇది ఆపరేషన్ స్థానాన్ని ఇంకా తీసుకోలేదు. హైపర్‌థెర్మియా అని ఇంకో వైద్యం ఉంది. అందులో వేడి 40 నుంచి 45 డిగ్రీల వరకే. కంతిని అది చంపెయ్యదు, రేడియేషన్‌కో మందులకో సాయపడుతుంది. రెండూ ఒకటి కాదు. ఎవరైనా వేడి చికిత్స చేస్తామంటే మూడు మాటలు అడగండి: నా కంతి ఎన్ని సెంటీమీటర్లు? దాని పక్కన పెద్ద రక్తనాళం, పేగు, పైత్యనాళం ఏమైనా ఉన్నాయా? ఆపరేషన్ ఎందుకు వద్దంటున్నారు? వీటికి బొమ్మ చూపించి జవాబు చెప్పే డాక్టరు దగ్గర చేయించుకోండి. ఖర్చు ఆస్పత్రినిబట్టి మారుతుంది. ప్రభుత్వ పథకం కింద వస్తుందో లేదో చేరకముందే కనుక్కోండి.

చచ్చిన కంతి మళ్ళీ రాదు గానీ, అది పుట్టిన లివరు అదే గదా. ఇంకోచోట ఇంకోటి రావచ్చు. బావగారు వైరస్‌ని అణచివుంచే బిళ్ళ రోజూ రాత్రి వేసుకుంటున్నారు. మొదట్లో మూడు నెలలకోసారి స్కాన్, తర్వాత ఆరు నెలలకోసారి. 2020లో లాక్‌డౌన్ వచ్చి ఒక స్కాన్ తప్పింది. తెనాలి నుంచి హైదరాబాదు వెళ్ళే దారి లేదు, ఉన్నా భయం. 2021 జనవరిలో చూస్తే ఎడమభాగంలో 1.6 సెంటీమీటర్లది కొత్తది. ఈసారి మైక్రోవేవ్ సూది. ఇప్పటికి మూడోది రాలేదు. కొట్టు మానేసి, మనవడికి ఎక్కాలు చెప్తున్నారు.

ఈ వైరస్ ఒకరిలో దొరికితే ఇంటిల్లిపాదికీ పరీక్ష చేయించాలి. ఒకే కంచంలో తిన్నందుకు రాదు. తల్లి నుంచి బిడ్డకి కాన్పులో, రక్తం ద్వారా, భార్యాభర్తల సంబంధం వల్ల, ఒకరి బ్లేడు ఒకరు వాడితే వస్తుంది. మా అక్కకి లేదు, టీకా వేయించాం. బావగారి తమ్ముడికి ఉంది. వాళ్ళమ్మ నుంచే ఇద్దరికీ వచ్చి ఉంటుంది. తల్లికి వైరస్ ఉంటే బిడ్డ పుట్టిన 24 గంటల్లోపు టీకా, దాంతోపాటు రక్షణ ఇంజెక్షన్ పడాలి. ఈ టీకా ఒకప్పుడు విదేశాల నుంచి వచ్చేది, ధర చూసి వెనక్కి తిరిగేవాళ్ళం. 1997లో మన హైదరాబాదులోనే శాంతా బయోటెక్నిక్స్ వాళ్ళు తయారుచేసి ధర నేలకి దించారు. 2011 నుంచి దేశమంతటా పిల్లల టీకాల్లో ఉచితంగా కలిపారు. అంతకుముందు పుట్టిన మనమే మిగిలాం.

మేస్త్రి భార్య, ఆయన పోయిన రెండు నెలలకి, ఇద్దరు కొడుకుల్నీ వెంటబెట్టుకుని నా దగ్గరికొచ్చింది. తండ్రికి వచ్చింది పిల్లలకి ఉంటుందేమో చూడమని ఆవిడే అడిగింది. చిన్నవాడికి లేదు. పెద్దవాడికి 24 ఏళ్ళు, ఉంది. తండ్రి ఇదే జబ్బుతో పోయాడు గనుక 40 దాకా ఆగకుండా ఇప్పట్నుంచే చూడాలని చెప్పి, తేదీలు కార్డు మీద రాసిచ్చాను. నా ముంజేతి మచ్చ చూసి, "మీక్కూడా పెట్టారా సార్?" అన్నాడు కుర్రాడు.

జనవరి తేదీలు ఏ ఏడూ తప్పలేదు. మొన్న జూలైలో రాలేదు. ఫోన్ చేస్తే హైదరాబాదులో సెంట్రింగ్ పనిలో ఉన్నానన్నాడు. అక్కడే తీయించుకుని రిపోర్టు ఫోన్లో పంపించరా అన్నాను. పది రోజులు గడిచాయి, మళ్ళీ చేశాను. నిన్న రాత్రి తొమ్మిదింటికి వచ్చింది, కొంచెం మసకగా తీసిన ఫొటో. కళ్ళజోడు పెట్టుకుని రెండుసార్లు చదివాను. లివరులో ఏమీ లేదు.